గ్రీన్ సర్టిఫైడ్ బిల్డింగ్‌లో ఉంటే ఒంటికి నిజంగా మంచిదా, లేక బ్రోచర్‌లో ఆకు బొమ్మేనా?

నార్సింగి_నీలిమ
అందరికీ నమస్తే. నార్సింగి వైపు ఫ్లాట్ చూస్తున్నాం, తిరిగి తిరిగి రెండు ప్రాజెక్టుల దగ్గర ఆగాం. ఒకదానికి గ్రీన్ రేటింగ్ (పర్యావరణానికి మంచి బిల్డింగ్ అని ఇచ్చే సర్టిఫికెట్) ఉందంట, అంటే ఇంకా కట్టడం అవ్వలేదు, ప్రీ సర్టిఫైడ్ అంటున్నారు, దానికి ఎస్‌ఎఫ్‌టీకి 250 ఎక్కువ. 1,640 ఎస్‌ఎఫ్‌టీకి లెక్కేస్తే 4 లక్షల 10 వేలు. దీనివల్ల మాకేంటి బాబూ అని సేల్స్ అబ్బాయిని అడిగితే కరెంటు బిల్లు తగ్గుద్ది మేడమ్, హెల్త్ మేడమ్, వెల్‌నెస్ మేడమ్ అన్నాడు, ఎలా అంటే బ్రోచర్‌లో ఆకు బొమ్మ చూపించాడు.

మా బాబుకి ఏడేళ్లు, చలికాలం వస్తే పిల్లికూతలు, నెబ్యులైజర్ ఇంట్లోనే పెట్టుకున్నాం, అందుకే అడుగుతున్నా. ఇంకో సంగతి, మా ఆఫీసు పోయిన డిసెంబర్లో లీడ్ అనే అమెరికా గ్రీన్ రేటింగ్‌లో గోల్డ్ వచ్చిన టవర్‌కి మారింది, రిసెప్షన్‌లో ఫలకం మెరుస్తూ ఉంటది, కానీ మధ్యాహ్నం మూడయ్యేసరికి మా ఫ్లోర్ మొత్తం ఆవలింతలే, పాత బిల్డింగే నయం అనిపిస్తోంది. తెలిసినవాళ్లు కొంచెం చెప్పండి ప్లీజ్.

బిర్యానీ_బాబాయ్
మూడింటికి ఆవలింతలు బిల్డింగ్ వల్ల కాదమ్మా, క్యాంటీన్ వల్ల.

చల్లగాలి_మెకానికల్
బాబాయ్ జోకు బావుంది గానీ సగమే నిజం. నేను పద్నాలుగేళ్లుగా ఏసీ డిజైన్, మెయింటెనెన్స్ రెండూ చూస్తున్నా కాబట్టి నా అనుభవం చెప్తా.

నీలిమ గారూ, మీ ఫ్లోర్లో ముందు చూడాల్సింది బయటి గాలి ఎంత వస్తోందని. బయట గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 పీపీఎం (పది లక్షల్లో అన్ని పాళ్లు) చిల్లర, మనుషులు కూర్చున్న మూసిన గదిలో అది పెరుగుతూ పోతుంది, వెయ్యి దాటిందంటే జనానికి తగ్గ బయటి గాలి లోపలికి రావట్లేదని గుర్తు. సెంట్రల్ ఏసీలో ఏహెచ్‌యూ అని పెద్ద పెట్టె ఉంటది, దానికి బయటి గాలి తీసుకునే డాంపర్, అంటే తెరిచి మూసే రేకు తలుపు ఉంటది. హైదరాబాద్ మే నెలలో 42 డిగ్రీల గాలిని లోపలికి తెచ్చి చల్లబరచాలంటే చిల్లర్ (ఏసీకి నీళ్లు చల్లబరిచే మెషిన్) మీద లోడు, బిల్లు పేలిపోద్ది, అందుకని ఎవరో ఒక సూపర్‌వైజర్ ఆ డాంపర్ మూసేస్తాడు. వానాకాలం వచ్చాక తెరవాలని ఎవరికీ గుర్తుండదు.

ఇది కొత్త రోగమేం కాదు. అమెరికాలో 1973 చమురు సంక్షోభం తర్వాత కరెంటు మిగల్చాలని బిల్డింగులన్నీ బిగించేశారు, ఆఫీసులో మనిషికి నిమిషానికి 5 ఘనపుటడుగుల బయటి గాలి చాలన్నారు, జనానికి తలనొప్పులు, కళ్లమంటలు, ఇంటికెళ్తే తగ్గిపోవడం... దానికే సిక్ బిల్డింగ్ సిండ్రోమ్ అని పేరొచ్చింది. 1989లో ఆ గాలి స్టాండర్డ్‌ని తిరగరాసి ఆఫీసులకి 20కి పెంచారు. కరెంటు పొదుపు, మంచి గాలి రెండూ ఒకే జట్టు అనుకుంటారు అందరూ, చాలాసార్లు ఒకదాని కాలు ఇంకోటి లాగుతుంది.

మీరు ఒక సీఓ2 మీటర్ కొనండి, 5, 6 వేలల్లో వస్తాయి, ఎన్‌డీఐఆర్ (పరారుణ కాంతితో కొలిచే) సెన్సర్ అని రాసుందో లేదో చూస్కోండి, లేనివి బొమ్మలు. మీటింగ్ రూమ్‌లో పెట్టి చూడండి.

లెక్కతేల్చు
నేను కొంచెం చల్లనీళ్లు చల్లుతా, ఏమనుకోవద్దు. 2013లో ఆల్టోమోంటే, షియావోన్ అని ఇద్దరు పరిశోధకులు 144 బిల్డింగులు (అందులో 65 లీడ్ ఉన్నవి), 21 వేల పైచిలుకు మంది ఉద్యోగుల సర్వేలు పెట్టుకుని చూశారు. మీ బిల్డింగ్‌తో, మీ సీటుతో మీరు సంతృప్తిగా ఉన్నారా అని అడిగితే లీడ్ ఉన్నచోటికీ లేనిచోటికీ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

ఇంకోటి, లీడ్ నాలుగో వెర్షన్ (వీ4) పాయింట్ల పట్టీ ఒకసారి చూడండి. మొత్తం 110, గోల్డ్‌కి 60 చాలు. కొత్త బిల్డింగ్ అయితే అందులో లోపలి గాలి, వెలుతురు, శబ్దం, చల్లదనం, వీటన్నిటికీ కలిపి 16. కరెంటు విభాగానికి 33. అంటే తప్పనిసరి నిబంధనలు పాటించి, ఆ 16లో సున్నా తెచ్చుకున్నా మిగతావాటితో గోల్డ్ ఫలకం కొట్టొచ్చు. స్కూల్లో పీటీ, డ్రాయింగ్‌లో మార్కులు తెచ్చుకుని ఫస్ట్ క్లాస్ అన్నట్టు.

గీతలపిల్ల
లెక్కల అన్నయ్యా, ఆ సర్వే నిజమే, కానీ అక్కడితో ఆపేస్తే అన్యాయం. నేను ఆర్కిటెక్ట్‌ని, రేటింగ్ ఫైళ్లు తయారు చేసి చేసి చేతులు నొప్పెట్టినదాన్ని.

2015లో హార్వర్డ్ వాళ్లది కాగ్‌ఎఫ్ఎక్స్ అని ఒక ప్రయోగం వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రం సిరక్యూస్‌లో 24 మంది ఉద్యోగుల్ని ఆరు రోజులు ఒకే ఆఫీసులో పని చేయించారు, రోజుకో రకంగా గాలి మార్చారు, ఏ రోజు ఏం మార్చారో వాళ్లకి చెప్పలేదు. ఒకరోజు మామూలు ఆఫీసులా రంగులు, జిగురుల వాసనలు కలిపి, ఒకరోజు అవి తగ్గించి, ఒకరోజు అవి తగ్గించడమే కాకుండా బయటి గాలి కూడా పెంచి. సాయంత్రం ఆలోచనా శక్తి పరీక్ష పెడితే, మామూలు రోజుతో పోలిస్తే వాసనలు తగ్గించిన రోజు స్కోరు 61 శాతం ఎక్కువ, గాలి కూడా పెంచిన రోజుల్లో 101 శాతం ఎక్కువ. అంటే రెట్టింపు! గోడ మీద ఫలకంతో సంబంధం లేదు, ఏం పీలుస్తున్నాం అన్నదే లెక్క.

లెక్కతేల్చు
24 మంది! మా అపార్ట్‌మెంట్ వినాయక చవితి కమిటీ అంతకంటే పెద్దది. పైగా ఆ ప్రయోగానికి డబ్బులిచ్చింది యునైటెడ్ టెక్నాలజీస్, అప్పట్లో క్యారియర్ ఏసీలు వాళ్లవే. తప్పని అనట్లేదు, ఉప్పు కొంచెం చూసి వేసుకోండి అంటున్నా.

గీతలపిల్ల
ఒప్పుకుంటా 🙂 చిన్నదే. సరే వేరే దేశం వద్దు, మన ఊళ్లోనే చూద్దాం. హైటెక్ సిటీ దగ్గర సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది కదా, 2003లో లీడ్‌లో అన్నిటికంటే పై మెట్టు ప్లాటినం వచ్చింది, అమెరికా బయట ఆ రేటింగ్ తెచ్చుకున్న మొదటి బిల్డింగ్ అది, 2004 జులైలో అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు, ఐజీబీసీ (మన దేశంలో గ్రీన్ రేటింగ్ ఇచ్చే సంస్థ) ఆఫీసు ఉండేది కూడా అందులోనే. నేను కాలేజీ రోజుల్లో వెళ్లా. గుండ్రంగా ఉంటది, మధ్యలో ఆకాశం కనపడే పెద్ద వాకిలి, చుట్టూ గదులు, జాలీ గోడలు, పైన గడ్డి పెంచిన కప్పు. పట్టపగలు లైట్లు ఆపేసి ఉన్నాయి, ఎవరి టేబుల్ దగ్గర కూర్చున్నా అటో ఇటో పచ్చదనం కనిపిస్తది. గాలి గోపురాలు రెండున్నాయి, ఏసీకి వెళ్లే గాలి ముందే అక్కడ కాస్త చల్లబడి వస్తది. డిజైన్ కరణ్ గ్రోవర్ గారిది. అది చూసొచ్చాకే నేను అద్దాల డబ్బాలు గీయనని ఒట్టేసుకున్నా (ఆ తర్వాత జీతం కోసం నాలుగు గీశా, అది వేరే కథ).

కోనసీమ_పెద్దాయన
అమ్మాయీ, నువ్వు చెప్పింది వింటే మా మండువా లోగిలి గుర్తొచ్చింది. నడిమధ్య ఆకాశం, చుట్టూ నాలుగు వసారాలు, వాన పడితే నీళ్లు మండువాలో పడి తూములో పోయేవి, వేసవిలో పడమటి గది వేడెక్కితే చాపలు తెచ్చుకుని తూర్పు వసారాలో పడుకునేవాళ్లం, ఫ్యాను కూడా లేదు. నేను ఆర్ అండ్ బీలో ముప్పై మూడేళ్లు ఇంజనీరుగా చేశా, ఆ గాలి ఎలా తిరుగుతుందో లెక్కగట్టడం మాకు కాలేజీలో ఎవరూ నేర్పలేదు, మేస్త్రీలకి తెలుసు.

అయితే ఒక మాట, పాతదంతా బంగారం అని కూడా అనను. మా నాయనమ్మ తాటాకు మట్టలు, కొబ్బరి డొక్కలు పెట్టి వంట చేసేది, వంటింట్లో కిటికీ చెయ్యంత, చివరి పదేళ్లూ దగ్గుతోనే పోయింది. మండువాలోకి గాలి వచ్చేది, వంటింట్లోకి రాలేదు. ఆడవాళ్లు ఉండే గదికి గాలి అక్కర్లేదనుకున్నారు ఆ రోజుల్లో.

వార్డ్_నంబర్_4
పెద్దాయన చివరి మాట దగ్గర కాసేపు ఆగిపోయా.

నీలిమ అక్కా, నేను స్టాఫ్ నర్స్‌ని, పిల్లికూతల పిల్లల్ని రోజూ చూస్తా. సర్టిఫికెట్ సంగతి తర్వాత, ముందు ఇంట్లో దోమల చుట్ట వెలిగిస్తారా? ఒక్క చుట్ట కాలితే వచ్చే సన్నటి ధూళి, అదే పీఎం 2.5, 75 నుంచి 137 సిగరెట్లకి సమానం అని 2003లో ఒక పరిశోధనలో తేలింది. తలుపులేసి చుట్ట వెలిగించి పిల్లాడిని పడుకోబెడతారు, పొద్దున్నే పట్టుకొస్తారు. చుట్ట మానేసి కిటికీలకి మెష్ పెట్టించండి. సాంబ్రాణి, అగరబత్తులు కూడా బాబు గదికి దూరంగా.

కొత్త ఫ్లాట్ అయితే ఇంకో జాగ్రత్త. కొత్త రంగు, కొత్త కప్‌బోర్డుల ప్లైవుడ్, ఎండీఎఫ్, వాటి జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ వస్తది, మొదటి నెలల్లోనే ఎక్కువ. మనవాళ్లు ఏం చేస్తారు, కార్పెంటర్ శుక్రవారం వెళ్తాడు, ఆదివారం ముహూర్తం, ఆ ఘాటులోనే హోమం, పొగ, యాభై మంది చుట్టాలు, ఆ రాత్రి అక్కడే నిద్ర చేయాలి కాబట్టి పిల్లాడితో సహా నిద్ర. మీరు ముహూర్తానికి పాలు పొంగించుకోండి, బాబుని ఆ రాత్రి అమ్మమ్మగారింట్లో ఉంచండి, కాపురం నెలా నెలన్నర తర్వాత పెట్టండి, అన్నాళ్లూ రోజూ కిటికీలు బార్లా తీయించండి. ఇన్‌హేలర్ సంగతి మాత్రం మీ డాక్టర్ చెప్పినట్టే, ఇల్లు మారాం కదా అని ఆపొద్దు.

గీతలపిల్ల
+1. గ్రీన్ రేటింగ్‌లో లో వీఓసీ (గాలిలోకి రసాయనాలు తక్కువ వదిలే) రంగులు, జిగుర్లకి పాయింట్లు ఉండేది అందుకే. కానీ రేటింగ్ బిల్డర్ వేసే రంగుకి, మీరు తర్వాత పిలిపించే ఇంటీరియర్స్ వాళ్ల ప్లైవుడ్‌కి కాదు. నాలుగు లక్షలు పోసి గ్రీన్ ఫ్లాట్ కొని, లోపల చౌక పార్టికల్ బోర్డు వేయించేవాళ్లని ఎంతమందిని చూశానో. ప్లై కొనేటప్పుడు ఈ0 లేదా ఈ1 గ్రేడ్ (ఫార్మాల్డిహైడ్ తక్కువ వదిలేవి) అడగండి.

బిర్యానీ_బాబాయ్
మా ఆవిడ ఇంట్లో పద్దెనిమిది స్నేక్ ప్లాంట్లు పెట్టింది, ఆక్సిజన్ అంట. మీటర్లు గీటర్లు మాకక్కర్లేదు.

చల్లగాలి_మెకానికల్
బాబాయ్ పిన్నిగారికి చెప్పకండి గానీ, ఆ నమ్మకం 1989 నాటి నాసా ప్రయోగంలోంచి వచ్చింది, అది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసింది. 2019లో ఇద్దరు పరిశోధకులు అలాంటివన్నీ కలిపి లెక్కేస్తే, మామూలు ఇంట్లో కిటికీ సందుల్లోంచి వచ్చే గాలి చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేలింది. పద్దెనిమిదితో మీ షూ ర్యాక్ వాసన కూడా పోదు. కళ్లకి హాయిగా ఉంటాయి, దానికోసం ఉంచుకోండి.

వార్డ్_నంబర్_4
కళ్లకి హాయి అన్నది చిన్న విషయం కాదు సార్. ఉల్రిచ్ అనే ఆయన 1984లో రాశారు, పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయిన 46 మందిని చూస్తే, కిటికీలోంచి చెట్లు కనపడే గదిలో ఉన్నవాళ్లు సగటున 7.96 రోజుల్లో ఇంటికెళ్లారు, ఇటుక గోడ కనపడేవాళ్లకి 8.70 రోజులు పట్టింది, నొప్పి మాత్రలు కూడా చెట్లవాళ్లకి తక్కువే. నేను చదివింది ట్రైనింగ్‌లో, నమ్మింది వార్డులో. మా దగ్గర 11వ నంబర్ బెడ్ పక్కన వేపచెట్టు ఉంది, ఖాళీ అయిందంటే చాలు, పక్క బెడ్‌లవాళ్లు సిస్టర్ మమ్మల్ని అటు మార్చండి అంటారు, ఫ్యాను ఆ బెడ్ దగ్గర సరిగా తిరగదు కూడా.

సియాటిల్_సూరి
లేటుగా వచ్చా. ఇక్కడ సియాటిల్‌లో బుల్లిట్ సెంటర్ అని ఆరంతస్తుల ఆఫీసు ఉంది, 2013 ఏప్రిల్ 22న, ధరిత్రీ దినం రోజు తెరిచారు. నేను టూర్‌కి వెళ్లా. నాకు నచ్చింది సోలార్ కాదు, మెట్లు. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా అద్దాల గోడల మధ్య చెక్క మెట్లు, ఎక్కుతుంటే ఊరంతా కనపడుద్ది, లిఫ్ట్ మాత్రం వెతుక్కోవాలి. ఎవరూ పోస్టర్ పెట్టి నడవండి అని చెప్పలేదు, జనమే ఎక్కేస్తారు. మన బిల్డింగుల్లో మెట్లంటే ఫైర్ డోర్ వెనక, చీకటి, పాన్ ఉమ్ములు, విరిగిన కుర్చీలు.

కానీ 2020 సెప్టెంబర్లో కార్చిచ్చు పొగ ఊరంతా కమ్మేసినప్పుడు ఒకటి అర్థమైంది, కిటికీ తెరుచుకోవడమే కాదు, మూసుకున్న రోజు కూడా గాలి శుభ్రం చేసే దారి ఉండాలి. అప్పట్నుంచి ఇంట్లో మెర్వ్ 13 (సన్నటి ధూళిని పట్టే రకం) ఫిల్టర్ వాడుతున్నా. నార్సింగి, కోకాపేట వైపు చుట్టూ తవ్వకాలు, రెడీమిక్స్ కాంక్రీట్ లారీలు కదా, మీకూ ఆ రోజులుంటాయి.

చల్లగాలి_మెకానికల్
సూరి గారి పాయింట్ కరెక్ట్. ఇక్కడ ఒకటి చాలామందికి తెలియదు, ఇంట్లో పెట్టుకునే స్ప్లిట్ ఏసీ బయటి గాలి అస్సలు తీసుకోదు, గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తది. ముగ్గురు తలుపేసుకుని పడుకుంటే తెల్లారేసరికి సీఓ2 రెండు వేలు దాటడం మామూలే, లేవగానే తల బరువు. బాత్రూమ్ ఎగ్జాస్ట్ సన్నగా తిరగనిచ్చి తలుపు కింద సందు ఉంచినా చాలా తేడా.

చలి సంగతి కూడా చెప్పాలి. మే నెలలో శాలువా కప్పుకుని పని చేసే ఆడవాళ్లు ప్రతి ఆఫీసులో ఉంటారు. చల్లదనం లెక్కల్లో వాడే ఒంటి వేడి అంకె 1960ల నాటిది, నలభై ఏళ్ల, 70 కిలోల మగమనిషిది, ఆడవాళ్లకి అది సరిపోదని 2015లో డచ్ పరిశోధకులు చూపించారు. మన దేశానికి వేరే లెక్క ఉంది, అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీ వాళ్లు 2014లో ఐమ్యాక్ అని చేశారు, బయట వేడికి అలవాటు పడ్డ ఒంటికి లోపల మరీ గడ్డకట్టించక్కర్లేదని, 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో కూడా పెట్టారు. అయినా ఏసీ సెట్టింగ్ 21 డిగ్రీల దగ్గరే ఉంటది, ఎందుకంటే కంప్లైంట్ ఇచ్చేది సాధారణంగా కోటు వేసుకున్న బాస్ కాబట్టి.

హైదరాబాద్‌లోనే దీనికి సూపర్ ఉదాహరణ, పోచారం ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో ఎస్‌డీబీ-1 అని ఒక బిల్డింగ్. అచ్చం అద్దంలో బొమ్మలా రెండు సగాలు, ఒక సగం మామూలు పద్ధతి ఏసీ (అదీ బాగా డిజైన్ చేసిందే), ఇంకో సగంలో శ్లాబ్ లోపల పైపులు వేసి చల్లనీళ్లు తిప్పుతారు, కప్పే చల్లగా ఉంటది, ముఖం మీద గాలి కొట్టదు, లోపలికి వచ్చేది బయటి తాజా గాలి మాత్రమే. రెండేళ్లు కొలిస్తే శ్లాబ్ సగానికి 34 శాతం కరెంటు తక్కువ, ఉద్యోగుల్ని అడిగితే ఆ సగంవాళ్లే హాయిగా ఉందన్నారు. కరెంటు, హాయి రెండూ ఒకే జట్టులో ఆడటం నేను చూసింది అక్కడే.

లెక్కతేల్చు
ఇదైతే నాకు నచ్చింది. ఒకే ఊరు, ఒకే ఎండ, ఒకే కంపెనీ జనం. ఇలాంటి లెక్క చూపిస్తే నేనెందుకు కాదంటా.

నార్సింగి_నీలిమ
(మూడు వారాల తర్వాత) సారీ అందరికీ, మీటర్ రావడానికే వారం పట్టింది. చెప్తా వినండి.

ఆఫీసులో మంగళవారం రివ్యూ మీటింగ్, పదకొండు మందిమి, తలుపేశారు. మీటర్ వాటర్ బాటిల్ వెనక పెట్టా. మొదట్లో 640. పావుగంటకి 1,100. నలభై నిమిషాలకి 1,870! సరిగ్గా అప్పుడే మా మేనేజర్ మూడోసారి అదే స్లైడ్ చదువుతున్నాడు, ఎవరికీ తేడా తెలియలేదు, ఆయనకి కూడా. ఫొటో తీసి బిల్డింగ్ మెయింటెనెన్స్‌కి మెయిల్ పెడితే మొదట మీ మీటర్ తప్పు మేడమ్ అన్నారు. నేను మీటర్ని కిటికీ బయట పెట్టి 431 చూపించా. అప్పుడు ఒక టెక్నీషియన్ అబ్బాయి నిచ్చెనేసుకుని మా ఫ్లోర్ ఏహెచ్‌యూ రూమ్‌కి వెళ్లాడు, నేనూ వెనకాలే. చల్లగాలి గారూ, మీరు చూసినట్టే చెప్పారండీ, డాంపర్ హ్యాండిల్ అడ్డంగా తిప్పి ప్లాస్టిక్ టై వేసి కట్టేశారు, దాని మీద దుమ్ము వేలు పెడితే గీత పడేంత. ఎవరు కట్టారో ఎవరికీ తెలియదంట. కట్ చేశాడు. తర్వాతి మంగళవారం అదే పదకొండు మంది, అదే రూమ్, 980 దాటలేదు. స్లైడ్లు మాత్రం అంతే బోరు.

ఇంట్లో, మా ముగ్గురం పడుకునే గది పొద్దున ఆరింటికి 2,340. దోమల చుట్ట ఆపేశాం (అవును సిస్టర్, వెలిగించేవాళ్లం, సిగ్గుగా ఉంది), మెష్ పెట్టించాం.

చల్లగాలి_మెకానికల్
ప్లాస్టిక్ టై 😂 మా ఫీల్డులో దాన్ని ఎనర్జీ సేవింగ్ అంటారు. ఆ రోజు నాన్ వెజ్ ట్రీట్ ఇవ్వాల్సింది ఆ టెక్నీషియన్‌కి. నెల తర్వాత మళ్లీ వెళ్లి చూడండి, కొత్త టై పడి ఉంటుంది.

గీతలపిల్ల
ఫ్లాట్ ఏమైంది మరి? ప్రీ సర్టిఫికేషన్ అంటే డ్రాయింగులు చూసి ఇచ్చేది, అసలుది కట్టాక కాగితాలు పెడితే వచ్చేది. చివరి రేటింగ్ తెస్తామని అగ్రిమెంట్‌లో రాయించుకున్నారా?

నార్సింగి_నీలిమ
అదే చెప్పబోతున్నా. మీరందరూ చెప్పినవి కలిపి నాలుగు ప్రశ్నలు మెయిల్ చేశా, రంగులు లో వీఓసీవేనా, బెడ్‌రూములకి బయటి గాలి వచ్చే ఏర్పాటు ఉందా, వంటింటి చిమ్నీకి బయటికి పోయే డక్ట్ ఉందా, చివరి సర్టిఫికెట్ రాకపోతే ఆ 250 వెనక్కిస్తారా అని. సేల్స్ అబ్బాయి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఐదు రోజులకి ప్రాజెక్ట్ ఇంజనీర్ ఫోన్ చేశాడు, ఆయన మర్యాదగానే మాట్లాడాడు. రంగులు ఓకే, చిమ్నీ డక్ట్‌కి గోడలో రంధ్రం ఇస్తాం, బెడ్‌రూమ్ గాలికి ఏమీ లేదు, కిటికీలే, డబ్బు వెనక్కి మాట మాత్రం పైవాళ్లు ఒప్పుకోరు అన్నాడు.

సరే అని ఆదివారం మధ్యాహ్నం రెండింటికి వెళ్లి రెండు చోట్లా మోడల్ ఫ్లాట్ కాకుండా మాకొచ్చే ఫ్లాట్ అంతస్తుకే ఎక్కాం. గ్రీన్‌లో మిగిలింది మధ్య ఫ్లాట్, పిల్లాడి గది కిటికీ ఐదడుగుల డక్ట్‌లోకి (గోడల మధ్య ఖాళీలోకి) తెరుచుకుంటది, ఎదురుగా పక్కవాళ్ల బాత్రూమ్ వెంటిలేటర్. రేటింగ్ లేనిదాంట్లో మూల ఫ్లాట్, రెండు వైపులా కిటికీలు, నిలబడితే నా చున్నీ ఎగిరింది. మా ఆయన ఇంక మాట్లాడలేదు.

లెక్కతేల్చు
మూల ఫ్లాట్‌కి కార్నర్ ఛార్జీలు ఎంత వేశారు?

నార్సింగి_నీలిమ
ఎస్‌ఎఫ్‌టీకి 150 అడిగారు, 100కి తెచ్చాం. పడమటి కిటికీకి ఎండ కొడుతుంది, దానికి బయట సన్‌షేడ్ వేయించుకోవచ్చా, అసోసియేషన్ ఒప్పుకుంటుందా అని చూస్తున్నాం.

కోనసీమ_పెద్దాయన
వెదురు తడిక బయటి వైపు వేలాడదీయమ్మా, లోపల కర్టెన్ వేస్తే వేడి అప్పటికే గదిలోకి వచ్చేసినట్టే.

బిర్యానీ_బాబాయ్
నీలిమమ్మా ఆ మీటర్ ఒకసారి అప్పిస్తావా, మా ఆవిడ మొక్కల మధ్య పెట్టి చూస్తా.

నార్సింగి_నీలిమ
మా పక్కింటావిడ తీసుకెళ్లింది బాబాయ్ గారూ, తొమ్మిది రోజులైంది. వాళ్ల బెడ్‌రూమ్ 2,600 వచ్చిందంట, ఇప్పుడు వాళ్ల ఆడపడుచు ఇంటికి పంపించింది.